రెండో సంతకం

ఆళ్ళగడ్డ,
సోమవారం.

నంద్యాల జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, ఆళ్ళగడ్డ కాపురస్తుడు, రిటైర్డు వాల్వు ఆపరేటరు దూదేకుల హుసేనప్ప, వయస్సు 67, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఇంటి గ్యాసు కట్టేసినదీ లేనిదీ రోజుకొకసారి చూచి సంతకం చేయుటకు ఒక మనిషిని ఏర్పాటు చేయుట గురించి.

1. నేను ఇరవై ఆరు సంవత్సరములు దూర రాష్ట్రమున ఒక అణు విద్యుత్ కేంద్రమునందు పనిచేసి, రిటైరై, సొంత ఊరు చేరితిని. నాపై ఎట్టి రిమార్కులు లేవు.

2. అచ్చటి నియమమేమనగా, ఒకడు వాల్వు తిప్పును. రెండోవాడు పోయి, కంటితో చూచి, చేత్తో పట్టి, సంతకం చేయును. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే పద్ధతి అక్కడ సాగదు. రియాక్టరును ఆపినంత మాత్రాన అది చల్లారదు. లోపలి వేడి రోజుల తరబడి ఉండును, నీళ్ళు పోతూనే ఉండవలెను. ఒక దేశంలో మరమ్మతుకు మూసిన నీటి వాల్వులను మళ్ళీ తెరవడం మరిచిపోయినారట. తీరా అవసరం పడినప్పుడు నీళ్ళు అందలేదని మాకు ట్రైనింగులో చెప్పినారు.

మన కోవెలకుంట్ల పరంజ్యోతి నా జోడీ. ఒకనాడు, "తెరిచినాలే హుసేనప్పా, సంతకం పెట్టు. అన్నం సల్లారిపోతాంది" అన్నాడు. నేను పోయి చూస్తిని. వాల్వు మూసే ఉన్నది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత కూతురి పెండ్లికి మొదటి పత్రిక నాకే ఇచ్చినాడు.

3. ఇంట్లో నా రెండో సంతకం నా భార్య షరీఫా. నేను టీ పెట్టుకొని వస్తే, "గ్యాసు కట్టేసినావా?" అనేది. "కట్టేసినా." "నీ మాట ఎవురు నమ్మల్ల?" అని లేచి పోయి చూసి వచ్చేది. ముప్పై ఎనిమిదేళ్ళు విసుక్కొంటిని. పోయిన బక్రీదు దాటిన పదోనాడు ఆమె కాలం చేసినది.

4. ఆ తర్వాత ఒకనాడు ఉయ్యాలవాడ బస్సెక్కి, గ్యాసు కట్టేసినానో లేదోనని సగం దారిలో దిగి, ఆటోలో వెనక్కి వచ్చి చూస్తిని. కట్టేసే ఉన్నది. ఇట్లు మూడుసార్లు జరిగినది. ఇక చాలులే, నాకేదో పిచ్చి పట్టిందనుకొని చూడడం మానుకొంటిని. నెల కిందట మధ్యాహ్నం పాలు పెట్టి కునుకు తీస్తిని. పాలు పొంగి మంట ఆరింది, గ్యాసు ఇల్లంతా నిండింది. పక్కింటి టీచరమ్మ సలోమి వాసన పట్టి, పెరటి వాకిలి నుంచి వచ్చి నన్ను లేపింది. "లెయ్ నాయనా, లెయ్! ఏందీ, సచ్చిపోతాండావా?" అని ఏడ్చింది. ఇప్పుడామెకు పగిడ్యాలకు బదిలీ అయినది. ఆ ఇంటికి తాళం.

5. ఈ విషయమై లోగడ ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చుకొనగా, అక్కడి గుమాస్తా, "గ్యాసు అలారం కొనుక్కోప్పా, మనిషెందుకు?" అన్నాడు. కొన్నాను. అది అరుస్తుంది. మధ్యాహ్నం కునుకులో నాకు చెవులు సరిగా వినపడవు. ఇంకెవరు వినాలి? నాలుగు రోజులకు, "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజి వచ్చింది. ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు. మా ప్లాంటులో ఇట్లా చూడకుండా సంతకం పెట్టిన వాడిని గేటు బయట నిలబెట్టేవారు.

6. కావున ఒక మనిషిని పంపగలరు. ఎవరైనా సరే. అర నిమిషం పని. గ్యాసు చూసి, గోడకు తగిలించిన నోటుబుక్కులో సంతకం చేస్తే చాలు. టీ ఇస్తాను. టీ పెట్టినాక గ్యాసు మళ్ళీ చూడవలసి వచ్చును గనుక, వచ్చినవారు ఇంకొంచెంసేపు కూర్చోవలసి యుండును.

నిజం చెప్తే గ్యాసుకు నేను అంతగా భయపడను. పొద్దున్నించి పడుకొనే దాకా నన్ను ఎవరూ ఏమీ అడగరు. దానికే భయంగా ఉంది సార్.

పైన వ్రాసినది నేను చూచినంతవరకు సరియేనని, రెండోవారు చూడలేదని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దూ. హుసేనప్ప
(మొదటి సంతకం)

చూచినవారు: ....................

తా.క.: కవరు అతికించినాక సంతకం పెట్టినానో లేదోనని చింపి చూసినాను. పెట్టే ఉన్నాను. నా అర్జీ కొట్టేసినా సరే, ఆ మాట ఫోనులో పంపవద్దు. మనిషితో చెప్పి పంపండి. వచ్చినవారిని వాకిట్లో నిలబడి, "గ్యాసు కట్టేసినావా?" అని అడగమనండి. నేను కట్టేసినా అంటాను. నా మాట నమ్మొద్దని చెప్పండి.