అవ్వ తిట్టిన తిట్టు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈ రోజు అవ్వ నన్ను తిట్టింది. సంతోషం పట్టలేక రాస్తున్నాను.

మా ఇంట్లో ఏడు గంటల సీరియల్ ఆడవాళ్లది. అమ్మ, అవ్వ, చెల్లె టీవీ ముందు కూర్చుని రాట్నాల మీద మగ్గానికి నూలు కండెలు చుడతారు. బాపు పక్కగదిలో నేస్తుంటాడు. నన్ను కొడుకుగా పెంచారు. నేను అమ్మాయినని పోయిన దసరాకు చెప్పేశాను. అప్పటినుంచి నేనూ టీవీ ముందే. సీరియళ్లు చూసి ఇట్లా అయ్యానని వాడలో అంటారు. అదే నిజమైతే మా కిటికీ దగ్గర బీడీ కాలుస్తూ రోజూ సీరియల్ చూసే మగవాళ్లంతా ఈపాటికి చీరలు కట్టాలి!

అవ్వ మాత్రం ఇన్నాళ్లూ నన్ను రాట్నం ముట్టనివ్వలేదు. అది ఆడపిల్లల పని అనేది. ఈ రోజు చెల్లె పరీక్షకని నల్గొండ పోయింది. అవ్వ చూపు టీవీ మీద ఉండగా చెల్లె రాట్నం ముందు నేనే కూర్చున్నాను. సీరియల్లో అత్త కోడలి ఉత్తరం చించబోతుంటే నా చూపు అటు పోయింది. పోగు పుటుక్కున తెగింది.

"గీ ఇంట్ల ఆడపోరీలకు సీరియల్ వెడితే సోయుండదు! అక్కచెల్లెండ్లిద్దరు గట్లనే తయారైండ్రు" అని అవ్వ అరిచింది.

అమ్మ చేయి ఆగింది. పక్కగదిలో మగ్గం చప్పుడూ ఆగింది. బాపు ఏమంటాడో అని తలుపు వైపు చూశాను.  కాసేపటికి మగ్గం మళ్లీ మొదలైంది. ఆయన మనసులో ఏముందో ఇంకా తెలియదు...

"గట్ల జూస్తవేంది? ముడెయ్యి" అంది అవ్వ.

వేశాను. రేపు ఇంకో పోగు తెంపినా తెంపుతాను.