చెక్కలో మిగిలిన నాన్న

నరసరావుపేట,
మంగళవారం.

ఆదిలక్ష్మక్కకు,
ఇక్కడ అందరం కులాసా. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

ఈ మధ్య స్క్రోల్ సా అనే కరెంటు రంపం పట్టడం నేర్చుకుంటున్నాను. కుట్టుమిషను సూదిలా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే, చెక్కను ఎటు తిప్పితే అటు కోస్తుంది. నాన్న తలపాగాతో పక్కకు చూస్తున్న ఫోటో ఉంది కదా, దాన్ని జిరాక్సు తీయించి, చెక్కకు అతికించి, గీత వెంబడి కోశాను. నాలుగు బ్లేడ్లు విరిగినా బొమ్మ అచ్చం నాన్నే. తీరా చెక్కలోంచి బయటికి తీస్తుంటే జారిపడి ముక్కు విరిగింది. అతికిద్దామంటే ఆ ముక్క రంపపు పొట్టులో ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడు బొమ్మకు ముక్కు లేదు, చెక్కలో మిగిలిన ఖాళీకి ఉంది.

నీ మరదలు శ్యామల ఆ ఖాళీ చెక్కనే గోడకు తగిలించింది. "మామయ్య ఎట్టాగూ లేరు. లేని మనిషి ఇందులోనే కుదురుగా ఉన్నారు, ఇంకేంది మీ బాధ" అంటుంది. నాకేమీ పాలుపోవటం లేదు.

మీ మిరపకాయలు ఆరాయా? బావ మోకాలు ఎట్లా ఉంది? వచ్చే నెల ఆబ్దికానికి వచ్చేటప్పుడు చింతపండు తీసుకురా. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

దండ దేనికి వెయ్యాలో నువ్వే చెప్పు. ఖాళీకే అంటే వేస్తాను అక్కా, కానీ బొట్టు ఎక్కడ పెట్టను?

నీ తమ్ముడు,
ఉపేంద్ర