సిలిండర్ మీద బొట్టు

అన్నకు,

నేనూ బండీ క్షేమమే. ఫోన్‌లో చెబితే "ఔ ఔ" అని మళ్ళీ లారీ ఎక్కుతావు, అందుకే అబిడ్స్ పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను.

మనిద్దరం ఒకేసారి కొన్న సీఎన్‌జీ లారీల్లో సిలిండర్ వాల్వు లోపం ఉందట. అలాంటి బండ్లన్నిటినీ కంపెనీ వెనక్కి పిలిచి రెండు నెలలైందట. మనకు చెప్పిన పాపాన ఎవడూ పోలేదు! మొజంజాహీ మార్కెట్లో బత్తాయిలు దించుతుంటే గ్యాస్ వాసన వచ్చి, నాంపల్లి సర్వీసు సెంటర్‌కు నేనే తీసుకెళ్ళాను. అక్కడి సూపర్‌వైజర్ సరిగ్గా వంగి కూడా చూడలేదు. "సిలిండర్ నంబర్ కనబడ్తలేదు. గిట్లయితే లిస్టుల లేనట్టే, తీస్కపో" అన్నాడు. దసరాకు వదిన అద్దిన పసుపు, కుంకుమ గట్టిపడి నంబరును కప్పేశాయి. "జర తడిగుడ్డతోని తుడ్వొచ్చు గద సార్! పేలితే ఎవరు జిమ్మేదార్?" అని అరిచాను. వాడు చాయ్ తాగుతూ కూర్చున్నాడు. పోయేది వాడి ప్రాణం కాదు కదా! నేనే తుడిచాను. చూస్తే మన నంబరు లిస్టులో మూడోది! అప్పుడు పరుగెత్తుకొచ్చాడు. వాల్వు మార్చేదాకా బండి అక్కడే, నేనూ అక్కడే.

నీ బండికీ వదినే బొట్టు పెట్టింది. ముందు అది తుడిచి నంబరు నాకు చెప్పు. అప్పటిదాకా బండి తీయకు, తాళంచెవి వదినకిచ్చెయ్. నా గళ్ళ దుప్పటి ఎవరితోనైనా పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

పెట్టిన బొట్టు తుడవకూడదని వదిన అడ్డుపడుతుంది. పాపమేదైనా ఉంటే నాకే రానిమ్మను. నాకు ఆమె నుదుటి బొట్టు ముఖ్యం.

నీ తమ్ముడు,
భిక్షపతి