చేపకి లంఖణం

హామిల్టన్, ఆదివారం రాత్రి

అమ్మయ్య, బతికింది! మా అమ్మాయి సుజాత పెంచుకునే గోల్డ్‌ఫిష్ ఇవాళ తిన్నగా ఈదింది. పట్టరాని ఆనందంగా ఉంది నాకు.

నాలుగు రోజుల క్రితం అది పొట్ట పైకి పెట్టి తేలుతుంటే అమ్మాయి ఏడ్చేసింది. ఆ ఉబ్బిన పొట్ట చూడగానే నేను పట్టేశాను. నేను చూడ్డానికి వచ్చిన ఈ ఇంట్లో అమ్మాయితో కలిపి నలుగురు స్టూడెంట్లు, చదువుతూనే పనికి వెళతారు. రోజుకి ఎన్నిసార్లు మేత వేస్తున్నారని ఒక్కొక్కరినీ అడిగాను.

"ఒక్కసారే అంకుల్, షిఫ్ట్ నుంచి రాగానే. పాపం, ఆకలేస్తుంది కదా!"

అందరిదీ అదే మాట. నలుగురివీ వేరువేరు షిఫ్టులు. అంటే చేపకి రోజూ నాలుగు భోజనాలు! అజీర్తి చేయక ఏం చేస్తుంది?

మూడు రోజులు లంఖణం పెట్టించాను. ఇవాళ ఉడికిన బఠాణీ తొక్క తీసి, నలిపి వేశాను. సాయంత్రానికి తొట్టంతా చకచకా తిరిగేసింది! "ఏడో క్లాసుతో చదువాపేసిన డాక్టరువి నాన్నా నువ్వు!" అని సుజాత నన్ను వాటేసుకుంది.

'తినేసింది, ఇంకెవరూ వేయకండి' అని తొట్టెకి చీటీ అంటించాను. అప్పుడే పని నుంచి వచ్చిన లావణ్య అది చదివి నవ్వింది.

"నాకు మాత్రం అంటించకండి అంకుల్. పొద్దున్నుంచి తినడానికి టైమే దొరకలేదు."

మిగతా ముగ్గురూ నవ్వలేదు. షిఫ్టు ఉన్న రోజు వాళ్లదీ అదే సంగతట. మా అమ్మాయిది కూడా.

చేప పొట్ట చూసినవాణ్ణి, ఈ పిల్లల పొట్టలు చూడలేదేమిటి? మిగిలిన బఠాణీలన్నీ వేసి పలావు వండాను. నాలుగు కంచాలూ ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. వచ్చే నెల నేను ఇండియా వెళ్లిపోతే... సరే, చూద్దాం. చేపకే నయం చేశాను, వీళ్లకి చేయలేనా!