మూడో వరుస

మార్చి 3, సోమవారం. ఉదయం 9.10

లెక్క తేలింది. మందు వెయ్యని ప్లేటులో 212 పెద్ద కణాలు. ఇరవై మూడో నంబరు మందు వేసిన ప్లేటులో 9. మూడుసార్లు లెక్కపెట్టాను.

మా ల్యాబ్ మేడమ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందమ్మా ఈ మందు అన్నారు. నా వీపు తట్టారు. ఏం చెయ్యాలో తెలియక థాంక్యూ అన్నాను, ప్లేటుతో అన్నట్టు.

మార్చి 4

అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. ఎముకని కరిగించే కణాలు పుట్టుకతో అలా ఉండవు. మామూలు చిన్న కణాలు, దేని మానాన అది ఉంటుంది. ర్యాంకెల్ అనే ప్రోటీన్ వచ్చి తాకితే లోపలికి సిగ్నల్ వెళ్తుంది. అప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెద్ద కణమై, ఎముకకి అతుక్కుని తినడం మొదలుపెడతాయి. అవి మితిమీరితే ఎముక గుల్లబారుతుంది. అమ్మ వెన్నెముకలాగ. మా మందు ఆ సిగ్నల్ని ఆపుతోంది.

అంతా విని, అయితే నేనెప్పుడు మింగాలి అంది. పదేళ్ళు పట్టొచ్చన్నాను. నువ్వు చేస్తే అంత పట్టదులే అంది. వారం వారం వేసుకునే మాత్రకి కడుపులో మంటట. మానేసి నాదాని కోసం ఆగుతుందట. పక్కింటావిడకి అప్పుడే చెప్పేసింది.

మార్చి 5

పరిశోధన పేపరు పధ్నాలుగున జర్నల్‌కి పంపుతారు. మొదటి పేరు నాది.

మార్చి 6. మధ్యాహ్నం 3.00

పేపర్లో మెథడ్స్, అంటే ఏది ఎలా చేశామో ఆ భాగం, రాయమన్నారు. ర్యాంకెల్ ఏ ట్యూబు, ఏ రోజు తీసింది. నోట్‌బుక్ తెరిచాను. మందు ప్లేటు దగ్గర ఆ గడి ఖాళీ.

గుర్తొచ్చింది.

ప్లేట్లు పెట్టిన రోజు కొత్త ట్యూబు మందు వెయ్యని ప్లేటుకే సరిపోయింది. మిగతావి ఫ్రీజరులో, తాళం వేసిన పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి ల్యాబులో మా సీనియర్ దగ్గర. ఆమె ఫోనులో ఎవరి మీదో అరుస్తోంది. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెనక్కొచ్చేశాను. ఫ్రిజ్‌లో రెండు వారాల కిందటి సగం ట్యూబు కనిపిస్తే మందు ప్లేటుకి అదే వేశాను.

ర్యాంకెల్ ఫ్రిజ్‌లో అన్నాళ్ళు ఉంటే చచ్చిపోవచ్చు. చచ్చిపోయుంటే సిగ్నలే లేదు. మందు ఆపింది ఏమీ లేదు.

కాన్వెంటులో ప్రతి ఏడూ నా రిపోర్టు కార్డులో ఒకటే మాట. క్వయెట్ గర్ల్. అమ్మ దాన్ని మార్కులతో కలిపి చదివేది.

మార్చి 7. ఉదయం 8.30

తాళంచెవి అడిగాను. సీనియర్ కుర్చీ తిప్పి, ఓ, మాటలొచ్చాయే నీకు అంది. మన కణాల్లాగే నీకూ ఎవరో సిగ్నల్ ఇచ్చినట్టున్నారు అంది. జేబులోంచి తీసి ఇచ్చేసింది.

ఇంతేనా.

మూడు వరుసలు పెట్టాను. మొదటిది కొత్త ట్యూబు, మందు లేదు. రెండోది కొత్త ట్యూబు, మందు ఉంది. మూడోది పాత ట్యూబు, మందు లేదు. రెండోది ఖాళీగా ఉంటే నేను బతికినట్టు. రెండోది నిండి, మూడోది మాత్రమే ఖాళీగా ఉంటే అయిపోయినట్టు.

ఆరు రోజులు పడుతుంది. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 10

కణాలు పెరిగే ద్రవం, మీడియం, మార్చాను. కణాలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. మేడమ్ పేపరు పేరు మార్చారు. కొత్త పేరులో ‘పూర్తిగా’ అనే మాట చేరింది.

మార్చి 12

మొదటి వరుసలో కలవడం మొదలైంది. రెండో వరుసలోనూ.

మార్చి 13. ఉదయం 11.00

రంగు వేసి పెద్ద కణాలు లెక్కపెట్టాను. 205. 198. 7.

మూడో వరుసలో చిన్న కణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ పిలవలేదు వాటిని.

సాయంత్రం 4.00

మేడమ్ గది దాకా వెళ్ళాను. లోపల నవ్వులు వినిపించాయి. వెనక్కొచ్చేశాను. మళ్ళీ ఒక గుమ్మం, మళ్ళీ అదే నేను.

మార్చి 14. ఉదయం 10.20

ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. ఆగితే వెళ్ళనని తెలుసు. మేడమ్ చెయ్యి మౌస్ మీద ఉంది. సీనియర్ పక్కనే నిలబడి ఉంది. పంపకండి అన్నాను. గొంతు నాది కాదనిపించింది. ట్యూబు సంగతి, ఖాళీ గడి సంగతి, మూడు అంకెలు, అన్నీ చెప్పాను.

మేడమ్ మౌస్ వదిలేశారు. ఆ మూడో వరుస ఎవరు పెట్టమన్నారు అని అడిగారు. ఎవరూ అనలేదన్నాను. లాప్‌టాప్ మూసేశారు. రెండేళ్ళ పని, తెలుసా నీకు అన్నారు. తెలుసన్నాను. బయటికి వెళ్ళమన్నారు.

సీనియర్ వెనకే వచ్చి, ఆ రోజు ఒక్కసారి పిలిస్తే పోయేదా తల్లీ అంది. అరిచింది కరెంటు ఆఫీసు వాళ్ళ మీదట, నా మీద కాదట. తర్వాత తనే ఏడ్చింది. పేపరు మీద రెండో పేరు తనది.

మార్చి 15

అమ్మకి చెప్పాను, ఆ మందు పనిచెయ్యదని. అయితే పక్కింటావిడకి ఏం చెప్పను అంది. కాసేపయ్యాక తనే మాత్ర తెచ్చుకుంది. నీళ్ళు నేనిచ్చాను. వేసుకున్నాక అరగంట పడుకోకూడదు కదా, పక్కనే కూర్చున్నాను.

మార్చి 17. సాయంత్రం 5.00

ఫ్రీజరు పెట్టె మూత మీద కాగితం అంటించి ఉంది. మేడమ్ చేతిరాత. ర్యాంకెల్ కావాలంటే ఈ అమ్మాయిని అడగండి. కింద బాణం, నా టేబులు వైపు.

ఇప్పటికి నలుగురు అడిగారు.