మీ అమ్మాయి ఎడమ కాలు

ఒరేయ్ దావీదూ,

అక్కడికి పోస్టు లేదని తెలుసు. ఉన్నా నా దస్తూరీ నువ్వు బతికుండగానే చదవలేకపోయావు. అయినా రాస్తున్నాను.

మీ గ్రేసు కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైంది. కానీ నెల కిందట కూతకు వెళ్ళి వెనక్కి తిరగబోతే ఎడమ తొడ వెనక కండరం చిరిగింది. అచ్చం నీకు చిరిగిన చోటే. రేపు కాకినాడలో పోటీ. "నొప్పి పోయిందండి బాబాయ్, ఆడేస్తాను" అని నిన్న సాయంత్రం నా ముందు గెంతి మరీ చూపించింది.

దాని కాలు చూసిన ఫిజియో నాకు నేర్పిన పరీక్షే పెట్టాను. బోర్లా పడుకోబెట్టి, మడమ మీద చెయ్యి ఆనించి, మోకాలు మడవమన్నాను. కుడి కాలు నా చేతిని తోసేసింది. ఎడమది వణికింది.

"నొప్పి పోయింది గానీ బలం రాలేదమ్మా. ఇప్పుడు దిగితే మళ్ళీ చిరుగుతుంది."

"మరి నాన్నకి ఎవరూ చెప్పలేదా?"

"లేదమ్మా. కర్పూరం నూనె రాసి, ఏం కాదు దిగరా అని కొవ్వూరు ఫైనల్లోకి తోసింది నేనే. రెండోసారి చిరిగాక మీ నాన్న మళ్ళీ ఆడలేదు."

ఇన్నేళ్ళుగా ఇది నువ్వు ఇంట్లో చెప్పలేదని అప్పుడే తెలిసింది. ఎదురుగా గోడ మీద నీ ఫొటో. అటూ చూడలేకపోయాను, గ్రేసు వైపూ చూడలేకపోయాను.

గ్రేసు లేచి కూర్చుంది. కోచ్‌కి ఫోన్ చేసి, ఈసారి ఆడనని చెప్పింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు తెచ్చింది.

"చేపల పులుసండి బాబాయ్. తినే వెళ్ళాలి."

తిన్నాన్రా.

నీ సూరిబాబు