డ్యాష్‌బోర్డు వెనక చుక్క

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. అక్కడ నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే మేడెక్కి బట్టలు ఆరేయమంటానని నా ముందు మాత్రం కుంటుతోంది. నేను లేనప్పుడు చక్కగా నడుస్తుందని కింది వాటా ఆవిడ చెప్పింది. నాకు ముందే అనుమానం.

టాబ్లెట్ అందిందా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. అందింది. నాన్న చేతి గడియారం దొరికిందా అని కూడా అడిగావు. దాని సంగతి చివర రాస్తాను. ముందు తక్కినవన్నీ రాస్తే గానీ అది రాయడానికి చెయ్యి ఆడదు.

ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుని ల్యాబ్‌లో ఇచ్చేదాన్ని, ఫోను ఒళ్ళో పెట్టుకుని దారి చూసుకుంటూ కారు నడుపుతానంటే నీకు భయమేసిందన్నావు. ఆ టాబ్లెట్ డ్యాష్‌బోర్డులో బిగించుకోమనీ, పనిలో పనిగా పాత స్టీరియో మార్పించుకోమనీ రాశావు. ఉన్నమాట చెబుతున్నా, పెట్టె విప్పితే నాకు సంతోషం కలగలేదు. స్టీరియో మాట వీడెందుకెత్తాడు, చేసిన తప్పేదో కడుక్కోవాలని చూస్తున్నాడనుకున్నాను. పైగా టాబ్లెట్ వెనక మూలన గులాబీరంగు చుక్క ఒకటి ఉంది. ఎవరో వాడేసినది నాకంటగట్టాడనుకుని గోటితో గీకి చూశాను. పోలేదు.

స్టీరియో షాపాయన మితభాషి. మాట తక్కువ మనుషులంటే నాకు మొదటినుంచీ గురి కుదరదు. శాంపిళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కొత్త స్పీకర్ల నంబర్లు అట్టపెట్టె మీది నంబర్లతో సరిచూశాను. డ్యాష్‌బోర్డు పలక ఊడదీస్తుంటే స్క్రూలు లెక్కపెట్టాను, పదకొండు. రెండు గంటలు పడుతుంది, టీ తాగి రమ్మన్నాడు. నన్ను పంపించి ఏం మారుద్దామనో అనుకుని, టీ మానేశానన్నాను. కాసేపటికి పళ్ళెంలో చూస్తే స్క్రూలు పదే ఉన్నాయి. గట్టిగా అడిగాను. ఆయన లేచి, నన్నూ లేవమని, నా చెప్పు కిందనుంచి పదకొండోది తీసుకున్నాడు.

నా అనుమానం అసలెవరి మీదో ఇప్పుడు చెబుతాను. నాన్న పోయాక మూడు నెలలు కారు నీ దగ్గరుంది. నువ్వు ఉద్యోగానికి వెళ్తూ తాళాలు నా చేతికిచ్చిన రోజున స్టీరియో పెడితే గురగుర తప్ప పాట లేదు. నాన్న ముచ్చటపడి పెట్టించుకున్నది. వీధి మలుపులో ఆ పాట వినబడగానే అమ్మ ఆయనకి కాఫీ పెట్టేది. బటన్ల సందుల్లో ఏళ్ళనాటి మురికి ఉండేది. నువ్వు అప్పగించిన దానికి మురికి లేదు, తళతళలాడుతోంది. మంచిది అమ్ముకుని, చూడటానికి అలాగే ఉండే నాసిరకం తగిలించావని నిలుచున్నపాటున తేల్చేసుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే తుడిచానంటావు, అంతేగా అనుకున్నాను. కారు ఊసెత్తితే మాట దాటేస్తానని నిష్ఠూరమాడావే, అదీ కారణం.

పాత స్టీరియో విప్పబోతూ షాపాయన ఆగాడు. నన్ను దగ్గరికి పిలిచి లోపలికి టార్చి కొట్టాడు. వెనకవైపు స్క్రూ మీద ముదురెరుపు చుక్క ఉంది, సగం స్క్రూ మీద, సగం రేకు మీద.

"ఏళ్ళ కిందట దీన్ని బిగించిన రోజునుంచీ ఎవరూ విప్పలేదమ్మా. విప్పితే ఈ చుక్క చీలిపోయేది" అన్నాడు.

గురగుర ఎర్త్ వైరు తుప్పు పట్టినందువల్లనట. కొత్త వైరు వేసి, బల్ల మీద బ్యాటరీకి తగిలించి చూపించాడు. నాన్న మలుపు తిరిగి వస్తున్నట్టే పాడింది. పాట పూర్తయ్యేదాకా ఆపనివ్వలేదు.

ఇంటికొచ్చి ఆ చుక్క సంగతి అమ్మనడిగితే నవ్వింది. "మీ నాన్న దేన్ని ఎవరి చేతికిచ్చినా నా గోళ్ళరంగు చుక్క పెట్టి ఇచ్చేవారు, మార్చేస్తారని. సీసా పట్టుకునేది తమ్ముడు. నీకు చెబితే ఊరంతా చెబుతావని చెప్పలేదు" అంది.

మెట్లు దిగి కారు దగ్గరికి పరిగెత్తాను. కొత్త చట్రంలోంచి టాబ్లెట్ బయటికి లాగి వెనక్కి తిప్పి చూశాను. ఆ గులాబీ చుక్క మరదలి సీసాలోది కదూ? దారిలో ఎవరూ మార్చెయ్యకూడదని నాన్నలాగే పెట్టి పంపావు. నేనేమో గోటితో గీకాను.

ఇక గడియారం. అది పోలేదురా. నా బీరువాలో బట్టల అడుగున ఉంది. స్టీరియో అమ్ముకున్నవాడు గడియారం మాత్రం ఉంచుతాడా అనుకుని, పోయిందని నీకూ అమ్మకూ అబద్ధం చెప్పాను. కిందటిసారి నువ్వొచ్చినప్పుడు దానికోసం మంచం కింద దూరి వెతికావు. మోచెయ్యి గీరుకుపోయింది. నేను పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నాను, అటు చూడు, ఇటు చూడు అని చెప్పాను కూడా. షాపాయన టార్చి వేసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అమ్మకు నిన్న చెప్పేశాను. తిట్టలేదు, అన్నం మాత్రం వేరే గదిలో తింది.

గడియారం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వెనక మూత అంచున చుక్క అమ్మే పెట్టింది, సగం మూత మీద, సగం అంచు మీద. ఈసారి సీసా నేను పట్టుకున్నాను. అందగానే తిప్పి బాగా చూసుకో. నా మాట మీద వద్దు, చుక్క చూసి నమ్మకం కుదిరాకే చేతికి పెట్టుకో.

ఇట్లు,
టార్చి పట్టుకున్న
మీ అక్క